మూడు గడులు

పర్లాకిమిడి రైలుగేటు పక్క, టీకొట్టు బల్లమీద
ఫారం పరుస్తాను.
తొమ్మిదో ప్రశ్న:
మీ లక్ష ఎనభై వేలయితే ఏం చేస్తారు?
అమ్మేస్తారా, ఆగుతారా, ఇంకా కొంటారా.
మూడు గడులు. ఒక్క టిక్కు.

త్రినాథ మహారణా కొమ్ముతో కొంగని చెక్కుతున్నాడు.
ముక్కు దగ్గర ఆకురాయి ఆపి,
"ఇది విరిగితే చేపను చేసేస్తాను బాబూ,
మీ ఇరవై వేలు విరిగితే ఏటి చేస్తారు?"
దీనికి ఏ గడి?

రిటైరైన టీచరు డబ్బీరు కామేశ్వరి
వడ్డీ పైసలతో సహా అడిగింది,
పోస్టాఫీసు పుస్తకం మాత్రం చెంగులోంచి తియ్యలేదు.
"పిరికి" అని పెన్సిలుతో రాసుకున్నాను.
తర్వాత తెలిసింది,
ఒడియా ముక్క రాని రోజుల్లో మరిదిమీద దావా వేసి
నాలుగేళ్లు కోర్టు మెట్లెక్కిందట, ఒక్కతీ.
రబ్బరు కోసం జేబులు తడుముకున్నాను.

గుమ్మ కొండ దిగొచ్చిన సవర లొకియా నవ్వాడు.
"పోడులో ఒక్క గింజే చల్లుతామేటి?
చోడి, సామ, కంది, జొన్న.
వాన దేన్ని తింటాదో వానకే తెలీదు."
బరంపురం ఏసీ గదిలో
రెండ్రోజులు మాకు నేర్పింది ఇదే,
భోజనాలు పెట్టి మరీ.

సాయంత్రం మహేంద్రతనయ వంతెన మీద బండి ఆపి
నాకు నేనే ఫారం నింపబోయాను.
కిందటి వానల్లో, ఇదే వంతెన మీంచి నీళ్లు పారుతుంటే
కమీషను కోసం మోపెడ్ దింపినవాణ్ణి.
పాపకి ఒళ్లు వెచ్చబడితే చాలు
రాత్రంతా నుదుటి మీంచి చెయ్యి తియ్యనివాణ్ణి.

గడులు వదిలేసి, అంచున రాశాను:
కొంగ. చెంగు. చోడి.
రేపు ఆఫీసువాళ్లు తిప్పి పంపిస్తారు.