ఉప్పేది?

కుసాంబా ఒడ్డున ఇసుక నలుపు.
కొండ ఎప్పుడో కక్కిన నిప్పు అది,
మధ్యాహ్నానికి మళ్లీ పెనం.
దాని మీద వట్టికాళ్లతో నడిచేది రెంపి, మా దాదోంగ్
(బాలిలో అమ్మమ్మని అలాగే పిలుస్తాం).
భుజాన కావడి,
కావడికి రెండు పక్కలా సముద్రం.

ఆమె నీళ్లు చల్లడం చూడాలి.
కుమ్మరిస్తే ఇసుక గుంట పడుతుంది, ఉప్పు లోపలికి పారిపోతుంది.
అందుకని తాటాకు దొన్నెని ఒక్క విసురు విసిరి
మణికట్టు దగ్గర ఆపేసేది.
తుంపర, దాని మీద ఎండ.
మళ్లీ సముద్రంలోకి, మోకాళ్లదాకా.
మళ్లీ ఒడ్డుకి.

పన్నెండింటికి వాడకట్టు మైకు గరగరమనేది.
ఓం. భూర్. బ్వహ్. స్వహ్.
కావడి దించేది.
తడి చేతులు నుదుటికి చేర్చి
పెదవులు కదిపేది, గొంతుని అలలకి వదిలేసి.
కళ్లు తెరిచాక ముందు వెతికేది మబ్బుని.

నాలుగో తరగతిలో సుదియార్తా మాస్టారు
మంత్రానికి అర్థం రాసుకురమ్మన్నారు.
ఒత్తులు మా నాలుకలకి బరువు.
భువః మా పెద్దల నోట్లో నలిగి బ్వహ్ అయింది,
పిల్లల నోట్లో ఇంకా మెత్తబడి బువాహ్ అయింది.
బువాహ్ అంటే మా బడి భాషలో పండు.
రాశాను:
భూమి. పండు. స్వర్గం.
అనుమానమే రాలేదు.
కింద నేలుంది, పైన దేవుళ్లున్నారు,
పళ్లు గోపురంలా పేర్చి తలమీద పెట్టుకుని గుడికి వెళ్తాం.
మధ్యలో పండు కాక ఇంకేముంటుంది?

మాస్టారు పండు చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు.
పైన ‘అంతరిక్షం’ అని రాశారు.
మెర్తా గాడు సాయంత్రానికల్లా
నాకు సలాక్ పండని పేరు పెట్టేశాడు.

ముక్కు చీదుకుంటూ ఒడ్డుకి పోయి అడిగాను,
దాదోంగ్, అసలు దాని అర్థమేంటి?
కొబ్బరి మొద్దు తొట్టిలో వేలుపెట్టి
గట్టిపడిందో లేదో చూస్తోంది.
‘ఎవరికి తెలుసు’ అంది.
ఇన్నేళ్లుగా అంటున్నావు కదా!
‘మోసేదాన్నే నేను. ఉప్పు చేసేది ఆయన’ అని
గడ్డంతో ఎండని చూపించింది.
తర్వాత, ‘ఏం రాశావో చదువు.’

చదివాను. చదువురాని మనిషి
మాస్టారి కంటే ఎక్కువసేపు ఆలోచించింది.
‘బానే ఉంది. ఉప్పేది?’
పాము పొలుసుల్లాంటి తొక్క వలిచి
సలాక్ తొనని తొట్టి అంచుకి రాసి
నా నోట్లో పెట్టింది.

వానాకాలం ఉప్పు పండదు.
అప్పుడూ పన్నెండింటికి పాక ముందు నిలబడేది,
సూర్యుడు లేని ఆకాశానికి నుదురెత్తి, తడుస్తూ.
ఏం కనబడిందో అడగాల్సింది.

అదే బడిలో ఇప్పుడు అర్థం నేను చెబుతాను.
ఆ వెలుగుని తలుస్తున్నాం,
మా బుద్ధిని అది నడిపించుగాక.
ఒత్తులు పోకుండా చెబుతాను.
తప్పు రాసిన పిల్లల పుస్తకాల్లో
సున్నా చుట్టబోయి
కలం పట్టుకుని కాసేపు కూర్చుంటాను.

ఆమె బూడిదని ఆ ఒడ్డునే నీళ్లలో కలిపాం.
మర్నాడు తెల్లారకముందే
పక్క పాకవాళ్లు కావడి భుజానేసుకుని
ఆ నీళ్లలోకే దిగారు,
మోసుకొచ్చి ఇసుక మీద చల్లారు.

మైకు మోగుతుంది. నిలబడతాను.
అర్థం అంతా తెలుసు,
అయినా రెండో మాట దగ్గర
ఇప్పటికీ నాకు నోరూరుతుంది.