భరణి పచ్చిక

ఆఫీసు గోడ మీద టీకాల పట్టిక ఉంది.
చిటుకరోగానికి మే నెలాఖరు.
ఉద్యోగంలో చేరిన వారానికి
నాలుగు గుండుసూదులతో నేనే గుచ్చాను.

ఈ ఏడు వాన భరణిలోనే పడింది.
కుందుర్పి గుట్టల మీద మూడో రోజుకే పచ్చిక,
దూరం నుంచి చూస్తే ఉంది,
వంగి చూస్తే లేదు.
గొర్రెలు దాన్ని మేశాయి.
మేయక ఏం చేస్తాయి,
మాఘం నుంచి వేరుశనగ పొట్టు నమిలిన నోళ్లు.

తెల్లారేసరికి వన్నూరక్క దొడ్డిలో పదకొండు.
ఈ రోగం బక్కదాని జోలికి పోదు,
బాగా బలిసిన పిల్లనే ఏరుకుంటుంది.
మెడలు వెనక్కి విరుచుకుని పడున్నాయి.
ఒకదాని పళ్ల సందున ఇంకా పచ్చగా గడ్డి.

టీకా జిల్లా నుంచి రావాలన్నాను.
నెలాఖరుకు వస్తుందన్నాను.
ఆమె తిట్టలేదు,
తిట్టుంటే బాగుండేది.
"నీ సూది కాగితాన్ని అడిగి వస్తాది నాయనా.
గడ్డి ఎవుర్నీ అడగల్య."

పట్టిక ఊడదీసి తిప్పితే వెనక తెల్లగా ఉంది.
ఆమె చెప్పింది, నేను రాశాను.
ఆమెకు సంవత్సరాలకు అంకెలు లేవు:
మూతివాపు దీపావళి దాటినా పోని ఏడు,
ఎండకు పొట్టేళ్లు ఆడగొర్రెల వైపే చూడని ఏడు,
వంకలో నీళ్లు నిలిచి దోమ లేచిన ఏడు,
ఆమె పెనిమిటి మంద అమ్మి బెంగుళూరుకు పోయి
మళ్లీ నాలుగు గొర్రెలతో తిరిగొచ్చిన ఏడు.
అది కూడా రాశాను. ఎందుకో కొట్టేయలేదు.

ఇప్పుడు పగటిపూట సూది వేయడం లేదు.
నలభై మూడు డిగ్రీల ఎండలో
చల్లపెట్టెలో మంచు కంబదూరు కూడా దాటదు.
రాత్రి పది తర్వాత, తలకు టార్చి కట్టుకుని,
ఒక్కో గొర్రెనూ ఆమె కాళ్ల మధ్య బిగించి పట్టుకుంటే
చర్మం ఎత్తి పొడుస్తాను.
వేసినదాని నుదుట ఎర్రమట్టి బొట్టు.
చీకట్లో లెక్క తప్పుతాం, మళ్లీ మొదలుపెడతాం.
ఒకసారి బొట్టు నాకే పెట్టింది.

వచ్చే ఏడుకు ఇండెంటు పంపాను:
టీకా మార్చికే కావాలి.
కారణం అన్న గడిలో ఒక్క మాట, భరణి.

పై ఆఫీసరు ఫోను చేశాడు.
"ఎవరయ్యా ఈ భరణి? కొత్త స్టాఫా?"

ఫోను వన్నూరక్క చేతికిచ్చి
నేను తర్వాతి గొర్రెను పట్టుకున్నాను.