రెండు సున్నలు

మస్టర్ బుక్కు నిండ నా చేతిరాతే.
వచ్చినోనికి గీత, రానోనికి నాగా,
దవాఖాన చీటి తెచ్చినోనికి
ఎర్రసిరాతోని సిక్కు.

పోయిన నెల పెద్దాఫీసు కాయితం వచ్చింది.
ఎవరెవరు కసరత్తు చేస్తరో
ఎవరెన్నొద్దులు సిక్కుల ఉంటరో
పక్కపక్కన రాసి పంపుమన్నరు.

ఖని చౌరస్తా ఇంకా కండ్లు తెరవని యాళ్ల
ఫస్ట్ షిఫ్టోళ్లను కిటికీలకెల్లి అడుగుడు మొదలుపెట్టిన.
"కసరత్తు చేస్తవానె ఓదేలన్నా?"
క్యాప్‌ల్యాంపు బెల్టు బిగించుకుంట చూసిండు,
ఈతొచ్చునా అనడిగితె
చేప చూసినట్టు.
"దిగుడు రెండు కిలమీటర్లు, ఎక్కుడు రెండు.
మోకాటిమంటి నీళ్ల నడుసుడు వేరె.
ఏ గడిల రాస్తవో రాసుకో."
ఏడాదిల ఓదేలుకు సిక్కులు నలభై ఒకటి.
నడుము.

సర్వే రాజకొమురు వేరె తీరు.
నాలుగింటికే స్టేడియం చుట్టు ఎనిమిది రౌండ్లు,
రెండు గుడ్లు, నానవెట్టిన శెనగలు,
తుడుచుకున్న మొకంతోని వచ్చి సంతకం.
సిక్కులు సున్న.

హాలేజీ మొగిలికి గూడ సున్ననే.
ఆయన స్టేడియం మొకం చూడలె.
సిక్కు పడితె సగం కూలి,
సగం కూలికి బిడ్డ నర్సింగు ఫీజు తెగదు.
జరమొచ్చిన నాడు గోలి నోట్లెయ్యి వేసుకొని
చాయ్ గ్లాసు నా కిటికీల వెట్టి
బాయిలకు దిగుతడు.

కాయితం మీద ఆ రెండు సున్నలు
ఒక్క తీరుగనే ఉన్నయి,
గుండ్రంగ.

స్కేలు వెట్టి గీతలు కొట్టిన.
ఇరవై రెండేండ్ల కుర్చి కిందికెల్లి కిర్రుమన్నది.
ఆఖరు వరుసల నన్ను నేనే రాసుకున్న:
కసరత్తు లేదు. సిక్కులు పదిహేడు. షుగరు.
దస్కతు వెట్టి పంపిన.
ఆఫీసెనుక వాకింగు ట్రాకు పోస్తరట, మొరం దిగింది.

నిన్న పొద్దుగాల
మొగిలి గ్లాసు వెడుతుంటె చెయ్యి తాకింది.
గ్లాసు కంటె చెయ్యే కాలుతుంది.
గీత కొట్టలె నేను.
"కొట్టు" అన్నడు.
కొట్టలె.
"నీ అయ్య సొమ్మా నా మస్టరు?"
తిట్టుకుంట తిట్టుకుంట
దవాఖాన దిక్కు మళ్లిండు.
ఎర్రసిరా గడిల ఆరేదాంక చూసిన.
ఏం బాగ చేసిన్నో, ఏం పాడు చేసిన్నో.

మాపటికి ఆటో ఎక్కబుద్ధి గాలె.
నడిచిన.
స్టేడియం గోడ కాడ చెప్పు తెగింది.
చేతిల వట్టుకొని
మిగిలింది గూడ నడిచిన.