బేస్

ఐదున్నరకి వస్తుంది ముఖం,
ఇంకా ఎవరిదీ కాకుండా.
దిండు గీత బుగ్గ మీద అలాగే ఉంటుంది.
కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంటే
నేను స్పాంజి నీళ్లలో ముంచి
ఒక్క పిండు పిండుతాను.
తడి ఎక్కువైతే జారిపోతుంది,
తక్కువైతే పెచ్చులు కడుతుంది.
దోసెల పిండి జారు తెలిసిన చేతికి
ఇదేమంత వింత కాదు.

మణికొండలో అద్దె విల్లా.
సౌండ్‌లో పడుతోందని ఏసీ ఆపించేశారు.
మే నెల.

దస్తగిరి మాస్టారు నేర్పినవి మూడే మాటలు:
రుద్దకు, అద్దు.
దవడ దగ్గర చూడు, చేతి మీద కాదు.
చెవుల్ని మర్చిపోకు.
నాలుగోది తాగి చెప్పాడు ఒక రాత్రి,
కృష్ణానగర్‌లో మా గది మెట్ల మీద కూర్చుని:
"ముఖానికీ మెడకీ మధ్య గీత కనపడిందా అమ్మాయ్,
ఇక వాళ్లెంత ఏడ్చినా ఎవడూ నమ్మడు."

అత్త వేషం కనకవల్లి గారికి
కళ్ల కింద ముందు నారింజ రంగు.
నలుపుని నారింజ తింటుంది,
నారింజని చర్మం రంగు తింటుంది.
రాత్రంతా డయాలసిస్ వార్డులో
భర్త పక్కన కూర్చున్న సంగతి
ఆ రెండు పొరల కింద పడుకుంటుంది,
ప్యాకప్ దాకా.

ఇవాళ ముంబై అమ్మాయికి పేదపిల్ల సీను.
"సువార్తా, కొంచెం డల్ చెయ్యి,
చూడగానే జాలెయ్యాలి" అన్నాడు డైరెక్టరు.

పెట్టెలో అట్టడుగున ఉంటుంది ఆ సీసా.
బేగంబజార్‌లో బేరమాడి కొన్నది.
కూలిమనిషికి, పనిమనిషికి, దొంగ పెళ్లానికి
ఎప్పుడోగానీ మూత తియ్యం.
మూత బిగుసుకుపోయింది, పంటితో తిప్పాను.
మాస్టారు వద్దన్నా అలవాటు పోదు కదా,
ఒక చుక్క మణికట్టు మీద రాశాను.

మాయమైంది.

ఇంకో చుక్క.
అదీ అంతే.
ఎక్కడ వేశానో నాకే దొరకలేదు.

పాపం ఆ పిల్ల మంచిది.
"దీదీ, దురద పెట్టదు కదా" అంది హిందీలో.
నుదురు, ముక్కు, గడ్డం, మెడ, చెవుల వెనక,
మోచేతులు దాటి గాజుల దాకా,
నలభై నిమిషాల్లో
నా రంగులోకి తీసుకొచ్చాను.
మానిటర్ ముందు అందరూ చప్పట్లు కొట్టారు.

వెనక బిందెలు పట్టుకుని నిలబడే నలుగురిలో
స్వరూప ఒకతి.
"నీకేం అక్కర్లేదు, అట్లనే నిలబడు"
అన్నాడు అసిస్టెంటు.
లంచ్‌లో అందరూ పప్పుచారు దగ్గరుంటే
చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.
"అక్కా, జర నాకు గూడ ఎయ్యవా?
ఎట్లుంటదో సూస్తా."

అదే సీసా తీశాను.
సరిపోలేదు.
ఎండ తిన్న నుదుటికి ఒకటి,
బుగ్గల్లో ఎక్కడిదో ఎరుపు ఉంది, దానికి ఇంకొకటి,
పెదవుల చుట్టూ నీడకి మరొకటి.
పేదరికానికి ఒక్క సీసా చాలింది గానీ
స్వరూపకి మూడు కావాల్సొచ్చాయి.
ముంజేతి మీద కలిపి
అద్దాను, రుద్దలేదు.

అద్దంలో చూసుకుంది.
పక్కకి తిరిగి మళ్లీ చూసుకుంది.
"ఏం ఏసినవక్కా? ఏం గనబడ్తలేదు."
"కనపడకూడదు."
కాసేపు ఊరుకుని
"గట్లనా" అంది.

సాయంత్రం షాట్‌లో ఆమె ఫోకస్‌లో లేదు.
ముంబై అమ్మాయి ఐదు టిష్యూలు ఖర్చుపెట్టి
తన రంగులోకి తను వెళ్లిపోయింది.
నేను స్పాంజిలు కడుగుతున్నాను.
కుళాయి దగ్గర జనం లేరు,
సబ్బు కూడా ఉంది.
స్వరూప మటుకు ముఖం కడుక్కోకుండానే
బోరబండ ఆటో ఎక్కింది.