ఇంటిపేరు ముందు

పెరంబూరులో వాన వెలిసింది.
చూరుకి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు.
బల్ల మీద మూడు యంత్రాలు:
నా ల్యాప్‌టాప్,
అగ్గిపెట్టెంత ఆర్మ్ బోర్డు,
రిచీ స్ట్రీట్‌లో పాత ఇనుము ధరకి కొన్న ముసలి పెట్టె.
దాని ఫ్యాను తిరిగితే పక్కవాటా వాళ్లు గోడ తడతారని
వారం రోజులుగా వెలిగించలేదు.

ఒకటే మూలం, మూడు పొయ్యిలు.
ల్యాప్‌టాప్ మీద ఉడికింది.
ఆర్మ్ మీద లూపు ఆగనంది.
మైనస్ ఒకటి కనపడగానే ఆగమన్నాను.
అక్కడి అక్షరానికి రుణమంటే తెలియదు,
దాన్ని రెండు వందల యాభై ఐదని చదువుకుని
గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోతూనే ఉంది.

కంపైలర్ల సంగతి వేరు.
పాతది ఏం రాసినా తలూపుతుంది.
కొత్తది చదువుతుంది.
నిన్న గొణిగినదాన్నే ఇవాళ తీర్పుగా చెబుతుంది.
భయపడి రాసుకున్న ఒక తనిఖీని
ఇలా ఎప్పటికీ జరగదులే అని
నాతో చెప్పకుండా తీసేసింది.
జరిగింది.

అంతలో ఫోను. కాశిమేడు చేపల రేవు నుంచి ఆరోగ్యమేరీ,
నా నంబరు ఎవరిచ్చారో, తమిళంలో, గాలి హోరులో:
"కాటా మీద కిలో వంజరం పెడితే
రెండు వందల యాభై ఆరు కిలోలంటోందమ్మా.
రెండు కిలోలు పెడితే ఐదు వందల పన్నెండు.
నీ పుణ్యమా అని కోటీశ్వరురాలినయ్యాను,
కొనేవాడే లేడు."

నవ్వాను.
నవ్వు సగంలో ఉండగా తెలిసింది.
రెండు బైట్లు, తారుమారు.
ఆ కాటా లోపలి పాత బోర్డు పెద్దదాన్ని ముందు పలుకుతుంది,
నా ల్యాప్‌టాప్ చిన్నదాన్ని.
మధ్యలో సర్దిచెప్పే రెండు లైన్లని
పోయిన వారం, కోడు తగ్గిందని మురిసిపోతూ,
నేనే కొట్టేశాను.

ఈ తగువు నాకు కొత్త కాదు.
గొడుగునూరి వేదవల్లి అని నాన్న రాసిచ్చిన కాగితాన్ని
ఈ ఊరి బడి గుమాస్తా ఈ ఊరి వరసలో చదివాడు:
పిల్ల పేరు గొడుగునూరి, తండ్రి వేదవల్లి.
పదేళ్లు హాజరుపట్టీలో
నాకు నేనే తండ్రిని.
ఒక్క అక్షరం తప్పు లేదు అందులో.
ఎటునుంచి చదవాలన్నది
కాగితం మీద ఎవరూ రాయలేదు, అంతే.

ముసలి పెట్టె వెలిగించాను.
గోడ తట్టారు. తట్టనీ.
రెండు లైన్లు వెనక్కి పెట్టి,
పైన ఒక వ్యాఖ్య రాశాను:
దీన్ని తీసేసే ముందు చేపల రేవుకి వెళ్లి రా.
అక్షరానికి రుణం నేర్పాను.
తనిఖీని, కొత్త కంపైలరు కాదనలేని మాటల్లో
మళ్లీ రాశాను.
మూడూ ఉడికేసరికి రెండున్నర.

మేరీ మేనల్లుడు సైకిలు మీద వచ్చి
పెన్‌డ్రైవ్‌ని చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో,
తడవకుండా పట్టుకుపోయాడు.

నాలుగూ నలభైకి మళ్లీ ఫోను.
"కిలో కిలోయే తల్లీ."
వెనకాల వేలం కేకలు, ఐసు పగలగొడుతున్న చప్పుడు.
"కానీ రశీదు మీద తేదీ చూశావా,
నేనింకా పుట్టనేలేదు."

టీకి నీళ్లు పెట్టాను.
ఫ్యాను ఆపలేదు.