రూపాయి పిన్ను

గువ్వలచెరువు ఘాటు నెత్తిన
పొద్దుగూకే యాళకు
మా టెంట్‌హౌస్ బండి ఒక్కసారి దగ్గి
ఇంక దగ్గలేదు.

రాయచోటి పక్క పెండ్లి ముగించుకొని వచ్చాండాం.
వెనక గుండిగలు, గంగాళాలు, నూటయాభై కుర్చీలు,
ఎంగిలి కడగని గరిటెలు.
పాలకోవ అంగడి ముందర ఆపిన లారీ డ్రైవరు
మోకు తీసి చూపించినాడు:
"కట్టుకో అక్కా, కడప దాకా ఈడ్చకపోతా."
మోకు మందంగానే ఉండాది. మనసూ మంచిదే.
మౌలాలికి ఫోన్ చేసినా.
"మోకు ముట్టొద్దు ఓబులక్కా.
ఎగువకైతే మోకు లాగుతాది.
దిగువకైతే మోకు చూస్తా ఉంటాది."

వచ్చినాడు. పాత కమాండర్ జీపు,
టాపు మీద పసుప్పచ్చ రాడ్డు,
మనిషి పొడుగు కంటే రొవంత ఎక్కువ.
వచ్చీరాగానే ఇంజను చూడలేదు, సామాను చూసినాడు.
"ముందుండేది బరువుండాల, వెనకుండేది తేలికుండాల" అని
గుండిగలన్నీ జీపులోకి ఎక్కించినాడు.
కుర్చీలు అంగడోళ్ల వసారాలో దించినాడు.
పనిపిల్లోడు సుభాన్ నా పక్కన కూర్చుంటానంటే
చెవి పట్టుకొని ముందుకు తీసకపోయినాడు.
లాగించుకునే బండిలో ఒక్క పానమే ఉండాలంట.

రాడ్డు రెండు కొనలు కొక్కేలకు తగిలించి
కింద గొలుసులు కత్తెర మాదిరి అడ్డంగా మలిచినాడు.
ఒక కొనన పిన్ను దిగింది,
దాని కంట్లో స్ప్లిట్ పిన్ను రెండు కాళ్లు చాపింది.
రెండో కొనన పిన్ను దిగింది.
స్ప్లిట్ పిన్ను లేదు.

జేబులు, డబ్బా, సీటు కింద, మట్టిలో సెల్‌ఫోను వెలుతురు.
నా గాజులకుండే పిన్నీసు తీసిచ్చినా.
తిప్పి తిప్పి చూసి
మళ్లా నా చేతిలోనే పెట్టినాడు.
"ఇది కొంగుకు చాలు."

కమ్మీ ముక్క వంచి పెట్టమన్నాడు లారీ డ్రైవరు.
"ఈ నాలుగు మలుపులకేందప్పా!"
మౌలాలి జవాబు చెప్పలేదు.
పాలకోవ కొని నాకొకటి, పిల్లోనికొకటి ఇచ్చి
ఎక్కొచ్చే బండ్లను ఒక్కొక్కదాన్నే ఆపి అడిగినాడు.
పదకొండో లారీ తమిళనాడుది.
భాష రాదు. రెండు వేళ్లు కలిపి, విడదీసి చూపించినాడు,
ఇంత సన్నంది, ఇట్లా చీలేది అని.
ఆ డ్రైవరు నవ్వి
డ్యాష్‌బోర్డులో సామి పటం కాడ నుంచి తీసిచ్చినాడు.
కుంకం అంటుకొని ఉండాది.
రూపాయి చేయదు. రెండు గంటలు పట్టింది.

ఇంక నా పని.
స్టీరింగు బిగుసుకోకుండా తాళం తిప్పి పెట్టినా.
న్యూట్రలు. హ్యాండుబ్రేకు దించినా.
ఇంజను లేని బ్రేకు బండరాయి,
కాలితో కాదు, నడుముతో తొక్కాల.
"ఒక హారను కొడితే నిదానం. రెండు కొడితే ఆపు.
నన్ను తోయొద్దు, నన్ను లాగొద్దు.
నా చక్రం యాడ తిరిగితే నీ చక్రం ఆడ తిరగాల."
పొద్దున ఏడడుగులు నడిపించిన అయ్యవారు కూడా
ఇంత తేటగా చెప్పలేదు.

దిగినాము. రెండో గేరులో జీపు మూలుగుతాండాది.
నాకు రోడ్డు కానరాదు, లోయ కానరాదు,
కానొచ్చేదంతా జీపు వెనక తలుపు,
దాని మీద ఫోన్ నంబరు, ఆఖరి రెండంకెలు చెరిగినాయి.
గుండిగలే ముందు నుంచి చెప్తాండాయి:
గల్లుమంటే ఆయన బ్రేకు తొక్కినట్టు.
నేనూ తొక్కినా.

మూడో మలుపు కాడ కుక్క అడ్డమొచ్చింది.
గుండిగలు గొల్లుమన్నాయి.
మోకైతే నా బండి జీపును ముద్దు పెట్టుకొనుండు.
రాడ్డు నా బరువంతా ఓర్చుకొని
టక్కుమని ఒక్క మాట అనింది.
ముందెంత ఎడమో, ఇప్పుడూ అంతే ఎడం.
కుక్క వెనక్కి కూడా చూడకుండా పోయింది.

కడపలో తెల్లారి అంగడి తెరిచేసరికి
నేనే ముందు నిలబడినా.
డజను కొన్యా. పది మౌలాలికి.
రెండు నా బండిలో, సామి పటం కాడ.
ఎవురన్నా ఆపి అడుగుతారు.