సగం బ్లేడు

ఘంటస్తంభం దగ్గర, గాజుల కొట్టు పక్క సందులో
గాజుబల్ల మీద నాలుగు కత్తులు పరిచాడు పోలినాయుడు.
వాన పడి వెలిసింది. కరెంటు లేదు.
ఒక్కొక్కటీ తీసి గుమ్మం వెలుగులోకి పట్టుకెళ్లి చూస్తున్నాను.

మొదటిది ప్లాస్టిక్. ఎత్తితే గాలి.
చేతి బరువంతా అవతలివాడి చెంప మీదికి దిగబడుతుంది.
రెండోది బంగారు రంగు, పిడి మీద నెమలి.
ముచ్చటే గాని తడిచేతికి జారుతుంది,
ఈకల సందుల్లో సబ్బు చేరి ఆరేసరికి సున్నం.
మూడోదానికి మడత దగ్గర వదులు.
దవడ కింద కత్తి ఊగకూడదు,
అక్కడ నరం కొట్టుకోవడం వేలికి తెలుస్తూనే ఉంటుంది.

"ఏటి గౌరీసు, కత్తి కొంటన్నావా, కోడల్ని సూసుకుంటన్నావా?"
"కోడలైతే తిరిగి మాటాడతాది బావూ.
గొంతుక మాటాడనేదు."

నాలుగోది స్టీలు. వెన్ను మందం.
తెరిస్తే చప్పుడు లేదు, మూస్తే ఒక్క టక్కు.
బ్లేడు అంచు ఎంత బయటికొస్తుందో గోటి మీద పెట్టి చూశాను:
నువ్వుగింజంత.
చాలు. అంతకు మించితే కత్తికి పొగరు.
చూరు నీళ్లతో ముంజెయ్యి తడిపి ఒక్క గీత గీశాను.
వెంట్రుకలు పోయాయి, చర్మానికి తెలీలేదు.

కానీ ఈ ఆకారం
నేనెక్కడో చూశాను.

నాన్న పెట్టెలో రెండు కత్తులుండేవి.
ఎముక పిడిది ఊళ్లోకి.
కొమ్ము పిడిది చంపావతి ఒడ్డుకి, కర్మలనాడు.
సానరాయి తిని తిని రెండూ
చింతాకు మాదిరి సన్నబడ్డాయి.
పేటకి ఏది నాన్నా అనడిగాను, ఎనిమిదేళ్లప్పుడు.
తోలుపట్టీ మీద కత్తి తిరగేశాడు
అటూ ఇటూ, అటూ ఇటూ, అటూ ఇటూ.
ఆ చప్పుడే జవాబని
చాన్నాళ్లకి గాని తెలీలేదు.

పేటలో వాళ్ల గడ్డాలు వాళ్లే గీసుకునేవారు.
వెదురు బద్ద చీల్చి,
ఎవరో పారేసిన బ్లేడుని సగానికి విరిచి
అందులో ఇరికించి, గోగునార బిగించి చుట్టి.
చెరుకుతోట గట్టు మీద నుంచి చూశానొకసారి.
నవ్వానేమో కూడా. గుర్తులేదు.
గుర్తులేదంటే నవ్వే ఉంటాను.

నూట ఎనభై చెప్పాడు, నూట అరవై ఇచ్చాను.
నెల్లిమర్ల బస్సులో జేబు మీద చెయ్యి తియ్యలేదు.

పొద్దున్నే మిల్లు కూత.
రాత్రి డూటీ దిగి, కనుబొమల నిండా నార పీచుతో
తవిటయ్య వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.
"బ్లేడు కొత్తదేనా?"
అందరూ అడుగుతారు. అందరికీ ఔనంటాను.
అతను అడిగితే మాత్రం మాట సరిపోదు నాకు.
బ్లేడు ముఖం ముందుకి తెచ్చి
కాగితంతో సహా మడిచి విరిచాను.
టప్.

సగం కత్తిలో దూర్చి పట్టీ మూశాను.
అతను అద్దంలోంచి కాదు, మెడ తిప్పి దాన్నే చూశాడు.
"ఓర్నాయనో, మా అయ్య సేసిందీ ఇదే కాదేటి!
ఎదురుబద్దకి బదులు ఇనప బద్ద. అంతే గదా.
ఎంతకిచ్చాడేటి?"
చెప్పాను.
"మా అయ్యది ఊరికే" అని నురగలోంచి నవ్వాడు.
నవ్వకు, తెగుతాది అన్నాను.
తల వెనక్కి వాల్చి గొంతు ఇచ్చాడు.

నా బొటనవేలు కొంచెం వణికింది.
కత్తి బరువు దాన్ని ఆపింది.

మిగతా సగం కాగితంలోనే ఉంది
అద్దం ముందు, పౌడరు డబ్బా పక్కన.
బెంచీ మీద ప్రెసిడెంటుగారి తమ్ముడు
నిన్నటి పేపరు తిరగేస్తున్నాడు.
అది ఆయనది.